హితోరి: ఏ అంకెను నల్లగా కొట్టేయాలో తర్కంతో తేల్చే విధానం

సుడోకు అలవాటున్నవారు హితోరి పజిల్‌ను మొదటిసారి చూసినప్పుడు, ఎవరో ముందే పూర్తి చేసి, అదీ తప్పుల తడకగా పూర్తి చేసి ఇచ్చారని అనుకునే అవకాశం ఉంది. గళ్లన్నీ అంకెలతో నిండే ఉంటాయి; ఒకే వరుసలో ఒకే అంకె రెండుసార్లు, మూడుసార్లు కనిపిస్తుంది. సుడోకులో ఖాళీ గళ్లను నింపుతాం, హితోరిలో నిండిన గళ్ల నుంచి అదనంగా ఉన్న అంకెలను నల్లగా కొట్టేస్తాం. సుడోకు అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన జపాన్ సంస్థ నికోలియే దీన్ని కూడా తన పత్రికలో 1990 మార్చి సంచికలో మొదటిసారి ప్రచురించింది. దీని పూర్తి పేరు ‘హితోరి ని షితే కురే’. ‘నన్ను ఒంటరిగా వదిలేయండి’ అని దాని అర్థం. ప్రతి అంకె తన వరుసలో తాను ఒక్కతే ఉండాలని కోరుకుంటోందన్నమాట. ఆట మొత్తాన్ని ఒక్క మాటలో పట్టుకున్న ఇంత చక్కని పేరు పజిళ్లలో అరుదు.

ఈ ఆటకు లెక్కలు రావలసిన పని లేదు. అంకెల విలువలతో మనకు సంబంధం లేదు కాబట్టి వాటి స్థానంలో అక్షరాలు పెట్టినా ఆట మారదు. కావలసిందల్లా మూడు నియమాలను ఒకేసారి మనసులో ఉంచుకోగలగడం, తేలని చోట ఊహతో పెన్సిల్ కదపకుండా ఆగగలగడం.

మూడు నియమాలు

మొదటి నియమం: నల్లగా కొట్టేయగా మిగిలిన తెల్ల గళ్లలో ఏ అంకె కూడా ఒకే అడ్డు వరుసలో గానీ, ఒకే నిలువు వరుసలో గానీ రెండుసార్లు ఉండకూడదు.

రెండో నియమం: రెండు నల్ల గళ్లు పైనా కిందా గానీ, పక్కపక్కన గానీ ఆనుకుని ఉండకూడదు. మూలలు మాత్రమే తాకే విధంగా ఏటవాలుగా ఉంటే తప్పు లేదు.

మూడో నియమం: తెల్ల గళ్లన్నీ విడిపోకుండా ఒకే ముక్కగా ఉండాలి. ఏ తెల్ల గడి నుంచి బయలుదేరినా, పైకీ కిందికీ పక్కలకూ మాత్రమే నడుస్తూ, నల్ల గడిని తొక్కకుండా మిగతా తెల్ల గళ్లన్నిటికీ చేరుకోగలగాలి. ఏటవాలు నడక దారిగా లెక్కకు రాదు.

కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి నియమం మీదే దృష్టి అంతా పెట్టి, మూడోదాన్ని చివర్లో సరిచూసుకోవచ్చులే అనుకుంటారు. నా దృష్టిలో ఈ ఆటలో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది. కష్టమైన పజిళ్లలో అసలు తాళంచెవి మూడో నియమంలోనే ఉంటుంది. దాన్ని చివరి పరీక్షగా కాక మొదటి నుంచీ ఒక పనిముట్టుగా వాడాలి.

గుర్తులు పెట్టే పద్ధతి

ఒక గడి నల్లదని తేలితే దాన్ని పెన్సిల్‌తో నింపండి. ఒక గడి తెల్లగానే ఉండాలని తేలితే అందులోని అంకె చుట్టూ సున్న చుట్టండి. ఈ రెండో పనిని చాలామంది బద్ధకించి మానేస్తారు. సున్న లేని గడి ‘ఇంకా తేలనిది’, సున్న ఉన్నది ‘తెల్లదని రుజువైనది’. ఈ తేడా కాగితం మీద కనబడకపోతే, పది నిమిషాల క్రితం రుజువు చేసుకున్న సంగతినే మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది.

సున్నల విలువ ఇంకో కారణం వల్ల కూడా ఎక్కువ. హితోరిలో పరిష్కారం గొలుసుకట్టుగా సాగుతుంది. ఒక గడి నల్లబడగానే రెండో నియమం ప్రకారం దాని నాలుగు పక్కలా ఉన్న గళ్లకు సున్నలు పడతాయి. ఒక గడికి సున్న పడగానే మొదటి నియమం ప్రకారం దాని అడ్డు వరుసలోనూ నిలువు వరుసలోనూ ఉన్న అదే అంకె గళ్లన్నీ నల్లబడతాయి. వాటి పక్క గళ్లకు మళ్లీ సున్నలు. ఇలా నలుపు సున్నను పుట్టిస్తే, సున్న నలుపును పుట్టిస్తుంది. సున్నలు పెట్టకపోతే ఈ గొలుసులో సగం లంకెలు కనిపించవు. కాబట్టి గడి నింపిన ప్రతిసారీ, మరో పనికి పోకముందే, చుట్టూ ఉన్న నాలుగు గళ్లకూ సున్న చుట్టడం అలవాటు చేసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదట గళ్లన్నిటినీ ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా చదువుతూ కొన్ని అమరికల కోసం వెతకాలి. వాటిని బట్టీ పట్టకుండా, ప్రతిదాని వెనుక ఉన్న కారణాన్ని ఒకసారి మీకు మీరే చెప్పుకోండి.

ఒకే అంకె వరుసగా మూడు గళ్లలో ఉంటే, ఉదాహరణకు 7 7 7 అని ఉంటే, నడిమిది తెల్లది, రెండు చివరలూ నల్లవి. మూడింటిలో ఒకటి మాత్రమే తెల్లగా ఉండగలదు కాబట్టి కనీసం రెండు నల్లబడాలి. ఆనుకుని ఉన్న రెండు నల్లబడకూడదు కాబట్టి ఆ రెండూ చివరలే కావాలి. ఇంతకంటే బలమైన ఆరంభం హితోరిలో లేదు. కనిపిస్తే వెంటనే అక్కడ మొదలుపెట్టండి.

ఒక అంకెకు రెండు పక్కలా వేరే అంకె ఒకటే ఉంటే, ఉదాహరణకు 6 3 6 అని ఉంటే, నడిమి 3 తెల్లగా ఉండి తీరుతుంది. రెండు 6లలో కనీసం ఒకటి నల్లబడక తప్పదు. ఏది నల్లబడినా దాని పక్కన ఉన్నది 3 కాబట్టి దానికి సున్న ఖాయం. ఏ 6 నల్లబడుతుందో మనకు ఇంకా తెలియదు, అయినా 3 సంగతి తేలిపోయింది. ఎక్కడో తేలనిది ఉన్నా, దాని ఫలితం మాత్రం ముందే తేలడం అనే ఈ తరహా ఆలోచన పై స్థాయి పజిళ్లలో పదే పదే అవసరమవుతుంది.

ఒక వరుసలో ఒకే అంకె జంటగా ఆనుకుని ఉండి, అదే వరుసలో దూరంగా ఆ అంకె మరోసారి కనిపిస్తే, ఉదాహరణకు 5 2 2 6 1 2 అని ఉంటే, దూరంగా ఉన్న 2 నల్లబడుతుంది. జంటలోని రెండూ ఒకేసారి నల్లబడలేవు కాబట్టి వాటిలో ఒకటి తెల్లగా మిగులుతుంది. ఆ మిగిలేది ఏదైనా సరే, దూరంగా ఉన్న 2కు చోటు లేదు.

మూలలను ప్రత్యేకంగా చూడాలి. మూల గడికి పొరుగు గళ్లు రెండే. ఆ రెండూ నల్లబడితే మూల గడి దిగ్బంధమై మూడో నియమం తప్పుతుంది. కాబట్టి వాటిలో ఒకటి నల్లబడగానే రెండోదానికి సున్న పడుతుంది. మూల గడిలోనూ దాని రెండు పొరుగు గళ్లలోనూ ఒకే అంకె ఉంటే మూల గడే నల్లబడాలి, ఎందుకంటే అది తెల్లగా ఉంటే పొరుగు గళ్లు రెండూ నల్లబడి దాన్ని బంధిస్తాయి. మూలలోని నాలుగు గళ్ల చదరంలో పై వరుస 4 4 అనీ, కింది వరుస 1 1 అనీ ఉన్నా ఇలాంటి ఫలితమే వస్తుంది. ఒక్కో జంటలో ఒక్కటి నల్లబడాలి, అవి ఒకదాని కింద ఒకటి రాకూడదు కాబట్టి ఏటవాలుగానే ఉండాలి. మూలను బంధించే ఏటవాలు పనికిరాదు కాబట్టి మూల గడీ, దానికి ఎదురు ఏటవాలులో ఉన్న గడీ నల్లబడతాయి.

ఒక పజిల్‌ను మొదటి నుంచి చివరి దాకా

కాగితం మీద ఈ అయిదు వరుసలు రాసుకుని, చదువుతూనే పెన్సిల్ కదపండి. గడిని గుర్తించడానికి ముందు అడ్డు వరుస సంఖ్య, తర్వాత నిలువు వరుస సంఖ్య చెబుతాను. 2-5 అంటే పై నుంచి రెండో వరుసలో ఎడమ నుంచి అయిదో గడి.

1 5 3 3 4
5 1 3 5 3
5 3 3 2 1
4 5 5 3 3
2 4 2 1 5

మొదటి అడుగు. మూడో నిలువు వరుసను పై నుంచి చదవండి: 3, 3, 3, 5, 2. మూడు 3లు వరుసగా ఉన్నాయి. కాబట్టి 1-3, 3-3 నల్లబడతాయి, నడుమ ఉన్న 2-3కు సున్న. నల్లబడిన ఈ రెండింటి పక్క గళ్లు 1-2, 1-4, 3-2, 3-4, 4-3 అన్నిటికీ కూడా సున్నలు చుట్టండి.

రెండో అడుగు. 2-3లో ఉన్న 3కు సున్న పడింది కదా. అదే అడ్డు వరుసలో 2-5లో మరో 3 ఉంది; అది నల్లబడాలి. దాని పక్క గళ్లు 1-5, 2-4, 3-5కు సున్నలు. ఇప్పుడు 2-4లోని 5కు సున్న ఉంది కాబట్టి, అదే వరుస మొదట్లో 2-1లో ఉన్న 5 నల్లబడాలి. దాని పక్కన ఉన్న 1-1, 2-2, 3-1కు సున్నలు. ఒక్క మూడు 3ల అమరిక నుంచి బోర్డు పై భాగమంతా ఇలా తేలిపోయింది.

మూడో అడుగు. 1-2లోని 5 తెల్లది. రెండో నిలువు వరుసలో కిందికి దిగితే 4-2లో మరో 5 ఉంది, అది నల్లబడాలి. 4-3లోని 5 తెల్లదని ఇదివరకే తేలింది కాబట్టి అడ్డంగా చూసినా అదే నిర్ణయం వస్తుంది. రెండు వేర్వేరు దారులు ఒకే చోటికి చేర్చినప్పుడు, ఇంతవరకు చేసిన పని సరిగానే ఉందన్న ధైర్యం కలుగుతుంది. 4-2 పక్క గళ్లు 4-1, 5-2కు సున్నలు. అలాగే 1-4లోని 3 తెల్లది కాబట్టి, నాలుగో నిలువు వరుసలో 4-4లోని 3 నల్లబడుతుంది. 4-5, 5-4కు సున్నలు.

ఇక మిగిలినవి అట్టడుగు వరుసలో 5-1, 5-3, 5-5 మాత్రమే. 5-1లోనూ 5-3లోనూ 2 ఉంది; ఒకటి పోవాలి. చుట్టుపక్కల ఏ సున్నా ఈ తగువు తీర్చడం లేదు, మొదటి రెండు నియమాలు ఇక్కడ ఆగిపోయాయి. ఇక్కడే తొందరపడి ఏదో ఒకటి కొట్టేయాలనిపిస్తుంది. ఆగి 4-3 గడి వైపు చూడండి. దాని పైన 3-3 నల్లది, ఎడమన 4-2 నల్లది, కుడిన 4-4 నల్లది. కింద ఉన్న 5-3 ఒక్కటే దానికి మిగిలిన దారి. ఆ దారి మూసుకుపోతే 4-3 ఒంటరిదై మూడో నియమం తప్పుతుంది. కాబట్టి 5-3 తెల్లది, 5-1 నల్లది.

5-5లోని 5కు అడ్డంగా గానీ నిలువుగా గానీ జంట లేదు. అంతమాత్రాన దాన్ని నల్లగా కొట్టడం నిషేధమని ఏ నియమమూ నేరుగా చెప్పలేదు. అయినా అది నల్లబడడానికి వీల్లేదు. 5-1, 4-2, 3-3, 4-4 గళ్లు ఎడమ కింది మూల నుంచి మొదలై, గుడారం కప్పులా పైకెక్కి మళ్లీ దిగుతున్నాయి. 5-5 కూడా నల్లబడితే ఆ గుడారం కుడి మూలను తాకి, లోపల ఉన్న 4-3, 5-2, 5-3, 5-4 గళ్లు బయటి వాటి నుంచి పూర్తిగా తెగిపోతాయి. కాబట్టి 5-5కు సున్న. పూర్తయిన బోర్డు ఇలా ఉంటుంది:

1 5 ■ 3 4
■ 1 3 5 ■
5 3 ■ 2 1
4 ■ 5 ■ 3
■ 4 2 1 5

ఎక్కడా ఊహించలేదు, ఎక్కడా చెరపలేదు. సరైన హితోరికి పరిష్కారం ఒక్కటే ఉంటుంది, అది తర్కంతోనే దొరుకుతుంది.

ఏటవాలు గొలుసులు

పై ఉదాహరణలో చివరి రెండు నిర్ణయాల వెనుక ఉన్న సూత్రాన్ని విడిగా అర్థం చేసుకోవడం మంచిది, ఎందుకంటే 10 వరుసల బోర్డుల్లోనూ 15 వరుసల బోర్డుల్లోనూ మూడో నియమాన్ని కంటితో సరిచూడడం కష్టం. నల్ల గళ్లు ఒకదానికొకటి ఆనుకోకూడదు కాబట్టి అవి కలవగలిగేది ఏటవాలుగానే. అందువల్ల తెల్ల ప్రాంతం రెండు ముక్కలయ్యే మార్గాలు రెండే: ఏటవాలు గొలుసు ఒకటి బోర్డు అంచున ఒక చోట మొదలై అంచునే మరో చోట ముగియడం, లేదా ఆ గొలుసు తిరిగి తనను తాను కలుసుకుని చుట్టుగా మూసుకుపోవడం. మొదటిది 5-5 విషయంలో జరగబోయింది, రెండోది 5-3 విషయంలో.

దీన్ని ఆచరణలో ఇలా వాడండి. నల్ల గళ్ల ఏటవాలు గొలుసులను కంటితో వెంబడిస్తూ, ప్రతి గొలుసు అంచును ఇదివరకే తాకిందా లేదా అని గమనించండి. అంచును ఒకసారి తాకిన గొలుసు మరోసారి తాకడానికి వీల్లేదు. అలాంటి రెండు గొలుసులు ఒకదానితో ఒకటి కలవడానికీ వీల్లేదు. కాబట్టి అంచును తాకిన రెండు గొలుసుల మధ్య వంతెనలా నిలిచే గడి ఏది కనబడినా దానికి వెంటనే సున్న చుట్టవచ్చు. ఆ సున్న మళ్లీ తన వరుసల్లోని కవల అంకెలను నలుపు చేస్తుంది, ఆగిపోయిన ఆట కదులుతుంది. తెల్ల గళ్ల వెంట దారులు వెతకడం కన్నా నల్ల గొలుసులను వెంబడించడమే తేలిక, ఎందుకంటే అవి సంఖ్యలో తక్కువ.

ఒకే పరిష్కారం ఉందన్న హామీ

జంట లేని అంకె ఎప్పుడూ తెల్లదేనా? ప్రచురించిన పజిల్‌కు పరిష్కారం ఒక్కటే అన్న హామీ ఉంటే, అవును. ఒక నల్ల గడిలోని అంకెకు దాని రెండు వరుసల్లోనూ తెల్ల కవల లేదనుకుందాం. దాన్ని తిరిగి తెల్లగా మారిస్తే మొదటి నియమం తప్పదు. ఒక నలుపు తగ్గింది కాబట్టి రెండోదీ తప్పదు. దాని పొరుగు గళ్లన్నీ తెల్లవే కాబట్టి అది వాటితో కలిసిపోతుంది, మూడోదీ తప్పదు. అంటే రెండో పరిష్కారం దొరికినట్టే, హామీకి అది విరుద్ధం. కాబట్టి ప్రతి నల్ల గడికీ దాని అడ్డు వరుసలోనో నిలువు వరుసలోనో కనీసం ఒక తెల్ల కవల ఉండి తీరాలి. పై ఉదాహరణలో ఏడు నల్ల గళ్లకూ ఈ పరీక్ష పెట్టి చూడండి. ప్రతిదానికీ కవల దొరుకుతుంది.

నేను మాత్రం ఈ హామీని పరిష్కారానికి మొదటి ఆయుధంగా వాడను. మూడు నియమాలతో తేలేదాన్ని వాటితోనే తేల్చుకుంటే, ఆ గడి ఎందుకు తెల్లదో తెలుస్తుంది.

గొలుసు ఆగిపోయినప్పుడు

కష్టమైన పజిళ్లలో ఒక దశ వస్తుంది: తెలిసిన అమరికలు అయిపోయాయి, సున్నలు కొత్త నలుపును పుట్టించడం లేదు, ఏటవాలు గొలుసులు కూడా ఏమీ చెప్పడం లేదు. ఇలా జరగడంలో ఆశ్చర్యం లేదు. బోర్డు పరిమాణాన్ని ఎంతైనా పెంచుకుంటూ పోతే హితోరి ఎన్‌పీ-కంప్లీట్ అనే, కంప్యూటర్లకు కూడా త్వరగా తేల్చే పద్ధతి ఇంతవరకు దొరకని కఠిన సమస్యల తరగతికి చెందుతుందని రాబర్ట్ హెర్న్, ఎరిక్ డిమేన్ అనే పరిశోధకులు 2009లో వెలువడిన తమ గ్రంథంలో చూపించారు. అన్ని బోర్డులనూ త్వరగా తేల్చేసే చిట్కాల పట్టిక ఎవరి దగ్గరా లేదు.

అప్పుడు చేయవలసింది పరీక్షగా ఒక ఊహ చేయడం. ‘క’ అనే గడి తెల్లదని కాసేపు అనుకోండి. అదే వరుసలో దాని కవల ‘చ’ నల్లబడాలి. ‘చ’ పక్కన ఉన్న ‘ట’కు సున్న పడాలి. ‘ట’లోని అంకెకు నిలువు వరుసలో ఉన్న కవల ‘త’ నల్లబడాలి. కానీ ‘త’ పక్కన ఇదివరకే రుజువైన నల్ల గడి ఉంది; రెండో నియమం తప్పింది. కాబట్టి మొదటి ఊహే తప్పు, ‘క’ నల్లది. ఇది అదృష్టాన్ని నమ్ముకుని చేసిన పని కాదు, వైరుధ్యం ద్వారా చేసిన నిరూపణ. అయితే ఊహ వైరుధ్యానికి చేరకపోతే దాని నుంచి ఏమీ రుజువైనట్టు కాదు. పది అడుగులు సాఫీగా సాగినంత మాత్రాన ఊహ నిజమని తీర్మానించి గళ్లు నింపేయడం వల్లే బోర్డులు పాడవుతాయి. ఊహలో వేసే గుర్తులను చిన్న చుక్కలుగా, చెరపడానికి వీలుగా పెట్టుకోండి.

ఏ గడితో పరీక్ష మొదలుపెట్టాలన్నది అనుభవంతో వస్తుంది. ఆనుకుని ఉన్న జంటలు మంచి ఆరంభం, ఎందుకంటే అక్కడ అవకాశాలు సరిగ్గా రెండే. ఒకటి నల్లదైతే రెండోది తప్పక తెల్లది. అంచుల దగ్గర, మూలల దగ్గర ఉన్న జంటలు ఇంకా మంచివి, అక్కడ దారులు తక్కువ కాబట్టి వైరుధ్యం నాలుగైదు అడుగుల్లోనే బయటపడుతుంది. బోర్డు నడిమధ్యన, ఒకదానికొకటి దూరంగా ఉన్న కవలలతో మొదలుపెడితే గొలుసు పొడవై మనసులో నిలవదు. రెండు ఊహలనూ విడివిడిగా సాగించి, రెండింటిలోనూ ఒకే గడికి ఒకే ఫలితం వస్తే, ఏ ఊహ నిజమో తెలియకపోయినా ఆ ఫలితాన్ని ఖాయం చేసుకోవచ్చు. 6 3 6 అమరికలో మనం చేసింది అదే.

తరచుగా జరిగే పొరపాట్లు

దూరంగా ఉన్న రెండు కవలల్లో ఒకటి నల్లబడగానే రెండోదానికి సున్న చుట్టేయడం చాలామంది చేసే తప్పు. రెండూ నల్లబడవచ్చు, మన ఉదాహరణలో 1-3, 3-3 రెండూ 3లే, రెండూ పోయాయి. ఒకటి తెల్లదైతే రెండోది నల్లదన్నది మాత్రమే నిజం. సుడోకు అలవాటు వల్ల, ప్రతి వరుసలోనూ 1 నుంచి 5 దాకా అన్ని అంకెలూ మిగలాలనుకోవడం మరో తప్పు. పై పరిష్కారంలో నాలుగో వరుసలో మిగిలినవి 4, 5, 3 మాత్రమే, అయినా అది నిర్దోషమైనదే.

కొత్తవారు 5 వరుసల బోర్డులతో మొదలుపెట్టి, ఊహ అవసరం లేకుండా పూర్తి చేయడం అలవాటయ్యాక 8 వరుసలకు వెళ్లడం మంచిది. అక్కడి నుంచే ఏటవాలు గొలుసులు నిజంగా అక్కరకొస్తాయి.

బోర్డు పూర్తయిందనుకున్నాక సరిచూడడానికి మూడు చుట్లు చాలు. మొదటి చుట్టులో ప్రతి అడ్డు వరుసనూ ప్రతి నిలువు వరుసనూ చదువుతూ తెల్ల అంకెల్లో పునరుక్తి లేదని చూడండి. రెండో చుట్టులో ప్రతి నల్ల గడికీ కుడి పక్కనా కిందా మరో నల్ల గడి లేదని చూడండి; ఈ రెండు దిక్కులు చూస్తే మిగతా రెండూ వాటంతటవే చూసినట్టవుతాయి. మూడో చుట్టులో ఏదో ఒక తెల్ల గడి మీద పెన్సిల్ మొన ఆనించి, దానికి ఆనుకున్న తెల్ల గళ్లకు, వాటి నుంచి వాటి పొరుగు గళ్లకు సన్నని గీతతో పాకుతూ వెళ్లండి. గీత తగలని తెల్ల గడి ఒక్కటైనా మిగిలితే, దాన్ని చుట్టుముట్టిన నల్ల గొలుసును పట్టుకుని వెనక్కి వెళ్లండి. తప్పు ఆ గొలుసులోని ఏదో ఒక గడిలో ఉంటుంది.